పసుపు చెరిగిన పళ్ళెం

పోయిన నెల గుడివాడలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, కాలేజీకి తయారవుతున్న మా మనవరాలి చేతిలోంచి చెవి దుద్దు వెనకాల పెట్టుకునే చిన్న బిరడా జారి మంచం కిందికి పోయింది. మిరియపు గింజంత ఉంటుంది, గాజులా తెల్లగా ఉంటుంది, మెత్తటి ప్లాస్టిక్కుది. మోకాళ్ళ సంగతి మరిచిపోయి నేను కిందికి వంగి చేత్తో నేలంతా తడుముతుంటే ఆ పిల్ల నవ్వి, వదిలెయ్యమనీ, దుద్దులు కొంటే అలాంటివి ఒక పొట్లం నిండా ఊరికే ఇస్తారనీ చెప్పింది. అంతటితో ఊరుకోకుండా జడ అల్లుకుంటూనే, ఫోనులో ఎవరో చెప్పగా విన్న సంగతులన్నీ నాకు ఒప్పజెప్పింది. ఇలాంటి చిన్న వస్తువులు చాలా మటుకు అనుకోకుండా పుట్టినవేనట, చేతిలో తీగ ముక్క మెలితిప్పుతూ కూర్చున్న ఒకాయనకి పిన్నీసు తట్టిందట, సరిగ్గా అంటుకోని జిగురొకటి చివరికి అంటించి పీకేసే కాగితాలకి పనికొచ్చిందట. పొరపాటు చేసి కోట్లు గడించారంటే వాళ్ళదే అదృష్టమని తేల్చేసి బస్సుకి టైమయిందంటూ వెళ్ళిపోయింది.

నేను ఆ మంచం పట్టె మీదే కూర్చుండిపోయాను. అలాంటి పొరపాటు ఒకటి నేనూ చేశాను. నా ఈడు వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి చెప్పుకోవాలనిపించింది, ఎందుకంటే చెప్పవలసిన మనిషికి చెప్పలేదు, ఇక చెప్పే వీలూ లేదు. ఈ బిరడా మా ఊళ్ళోనే పుట్టిందని నేను అనను. ఎన్ని ఊళ్ళలో ఎంతమందికి తట్టిందో ఎవరు చూడొచ్చారు. మా వీధికి మాత్రం అది నా వల్లే వచ్చింది.

దివిసీమ ఉప్పెనకి నాలుగైదేళ్ళ ముందు మాట. స్కూలు ఫైనలు అయ్యాక టీచరు ట్రైనింగులో సీటు వచ్చేదాకా ఖాళీగా ఉండటమెందుకని నాన్నగారు నన్ను చిలకలపూడిలో మా మేనత్త దగ్గరికి పంపించారు. బందరు వాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, ఆ రోజుల్లో చిలకలపూడిలో ఏ వీధిలోకి వెళ్ళినా అరుగుల మీద గిల్టు నగల పనే. ఒకరింట్లో అచ్చులు కొడితే ఒకరింట్లో రాళ్ళు పొదిగేవారు, ఇంకొకరు మెరుగు పెట్టేవారు. మా అత్తయ్య వీధిలో పది ఇళ్ళ దాకా ఆడవాళ్ళది మరలు తీసే పని. దుద్దు వెనకాల కాడ ఉంటుంది చూడండి, దానికి శీల బిగించాలంటే కాడ మీద మర ఉండాలి. అత్తయ్య దగ్గర అరచెయ్యంత ఉక్కు పలక ఉండేది, దానికి వరసగా సన్నటి చిల్లులు, చిల్లుల లోపల మరలు. కాడని అందులో పెట్టి వేళ్ళతో రెండు తిప్పులు ముందుకీ ఒక తిప్పు వెనక్కీ తిప్పేది. నేను తిప్పితే కాడ విరిగేది. తను తిప్పితే పలక కూడా కదిలేది కాదు. కళ్ళజోడు లేకుండా, వాకిట్లోకి వచ్చిన వాళ్ళతో కబుర్లాడుతూనే చేసేది. ఆ చూపు చూసి వీధంతా దిష్టి పెట్టేదని ఆవిడే నవ్వుతూ అనేది.

మర తీసిన దుద్దులు మళ్ళీ గిల్టు పూతకి వెళ్ళాలి. ఆ పూతలో మరలు పూడుకుపోతే శీల పట్టదు కాబట్టి, సైకిలు వాల్వుకి వేసే సన్నటి రబ్బరు గొట్టం తెప్పించి, దాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి ఒక్కో కాడకి తొడిగి పంపేవాళ్ళం. పూత అయి వచ్చాక ఆ ముక్కలు పీకేసి, శీలలు బిగించి, జత జతగా గులాబీ రంగు కాగితంలో మడిచి కొట్టుకి పంపాలి. రబ్బరు పీకి శీల పెట్టిన దుద్దులున్న పళ్ళేనికి అత్తయ్య అంచు మీద వేలితో పసుపు అద్దేది. పసుపున్న పళ్ళెంలోవి మడవచ్చు, లేని పళ్ళెం జోలికి పోకూడదు. అదే మా ఇంటి లెక్కా జమా, అంతకు మించి ఏ కాగితమూ రాసుకునేది కాదు.

కార్తీక పున్నమికి చిలకలపూడిలో పాండురంగడి తిరునాళ్ళు. ఆ దుకాణాల కోసం చిన్నపిల్లల దుద్దులు చాలా కావాలని మాకు పని ఇచ్చే కొట్టు షావుకారు గారు తొందర పెట్టారు. సరిగ్గా అప్పుడే అత్తయ్య అత్తగారికి జబ్బుగా ఉందని నాగాయలంక నుంచి కబురు వస్తే, ఆవిడ ఒక పళ్ళేనికి పసుపు పెట్టి, రెండోది తను వచ్చాక చూస్తానని చెప్పి, సాయంత్రం కొట్టు మనిషి వస్తే మడిచినవి ఇచ్చి పంపమని నాకు అప్పగించి బస్సెక్కింది.

ఆ వయసులో నాకు పని మీద కంటే మెప్పు మీద ధ్యాస ఎక్కువ. అత్తయ్య వచ్చేసరికి ఇల్లు తళతళలాడాలని అన్నీ తోమేశాను. ఆ పళ్ళాల్లోవి పేపరు మీద కుమ్మరించి, చింతపండు పెట్టి పళ్ళాలు కూడా తోమి, మళ్ళీ దేనివి దానిలో పోశాననుకున్నాను. పసుపు పోయిందన్న సంగతి తట్టనే లేదు. మధ్యాహ్నం కూర్చుని మడవటం మొదలుపెట్టాను. పక్కింటి ఆడపిల్లలు తిరునాళ్ళకి ముస్తాబై వచ్చి గుమ్మంలో నిలబడి పిలుస్తున్నారు. సగం పైన మడిచాక వేళ్ళకి ఏదో మెత్తగా తగిలింది. చూస్తే శీల లేదు, రబ్బరు ముక్క ఉంది.

అది చూడలేదని చెప్పుకోవచ్చు, ఇన్నేళ్ళూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ చూశాను. మడిచిన పొట్లాలన్నీ విప్పి, రబ్బరు పీకి, శీలలు బిగించాలంటే చీకటి పడుతుంది. ఇంతలో కొట్టు మనిషి సైకిలు బెల్లు కొట్టాడు. మిగిలినవి కూడా అలాగే మడిచేసి, పెట్టె అతని చేతికిచ్చి, రిబ్బను సరిచేసుకుంటూ తిరునాళ్ళకి పోయాను.

అత్తయ్య వచ్చిన మూడో రోజున షావుకారు గారే స్వయంగా వచ్చారు. నేను తలుపు చాటుకి జరిగాను. ఆయన అరుగు మీద కూర్చుని, శీలలు లేకుండా ఆ దుద్దులు ఎలా వెళ్ళాయని అడిగారు. అత్తయ్య ఒక పొట్లం విప్పి చూసి, వచ్చాక ఇంకా ముట్టుకోని పళ్ళెం లోపలినుంచి తెచ్చి చూస్తే అందులో అన్నిటికీ శీలలే ఉన్నాయి. తరవాత నా వైపు కాదు, తన చేతుల వైపు చూసుకుంది.

"వెళ్ళే హడావుడిలో తప్పు పళ్ళేనికి పసుపు పెట్టి ఉంటానండీ. కళ్ళు మసకేస్తున్నట్టున్నయ్యి."

అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఆ వెంటనే షావుకారు గారు నవ్వేసరికి ఇక తెరిచే అవసరమే లేదనుకున్నాను. ఆయన కోప్పడటానికి రాలేదు. శీలైతే పిల్లలు పడుకున్నప్పుడు గుచ్చుకుంటుంది, ఆటల్లో ఊడి పడిపోతుంది. ఈ రబ్బరుదైతే గుచ్చుకోదు, జారదు, ఏ పిల్లకి ఆ పిల్లే పెట్టుకోవచ్చునని తల్లులు వెతుక్కుంటూ వచ్చి కొన్నారట.

"ఇకనించి రబ్బరువే కావాలండీ అక్కయ్యగారూ. కాడ నున్నగా ఉంటే చాలు, మర అక్కర్లేదు."

ఆ చివరి మాట ఎంత పెద్దదో ఆ పూట మాకు తెలియలేదు. అత్తయ్య కూడా నవ్వి ఆయనకి కాఫీ ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి మరలు తీయమని అడిగేవాళ్ళు లేరు. రబ్బరు ముక్కలు కోసే పని కొన్నాళ్ళు ఉంది, తరవాత ఎక్కడో పెద్ద ఊళ్ళో మిషన్ల మీద ప్లాస్టిక్కువి పోయటం మొదలుపెట్టారు, బస్తాల్లో దిగేవి. షావుకారు గారు వాటి వ్యాపారంలోకి దిగి బందరులో మేడ కట్టారు, ఆయన పిల్లలు ఇంకా పై ఊళ్ళకి వెళ్ళి ఇంకా పెద్దవాళ్ళయ్యారు. పాపం, ఆయన ఎవర్నీ మోసం చేయలేదు, కనిపించిన దాన్ని అందుకున్నారు. మా వీధిలో పది ఇళ్ళ పలకలూ గోడలకెక్కాయి. మొదట్లో ఆ పొరపాటు సంగతి విని నీ కళ్ళు చల్లగుండ అని అత్తయ్యని ఆటపట్టించిన ఇరుగుపొరుగు వాళ్ళే తరవాత ఆవిడ అరుగు మీదికి రావటం తగ్గించారు.

ఆ పని ఎలాగూ పోయేదే. నేను కాకపోతే ఇంకొకరు, ఆ ఏడు కాకపోతే మరో ఏడు. ఈ వయసులో ఆ మాత్రం తెలుసు, దానికి నేను పెద్దగా ఏడవను. ఏడుపు ఇంకోదానికి. ఆ రోజు నుంచి అత్తయ్య తన కళ్ళని నమ్మటం మానేసింది. బియ్యంలో రాళ్ళు ఏరి మళ్ళీ నన్ను ఏరమనేది. సూదిలో దారం ఎక్కించి, ఎక్కిందో లేదో చూడమని నాకిచ్చేది. ఉత్తరాలు తను చదువుకోగలిగీ నాచేత చదివించుకునేది. నాన్నగారు బలవంతం మీద కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళితే, చూపుకేం లోటు లేదమ్మా అన్నాడట ఆయన. ఆ డాక్టరుకే కళ్ళు లేవని ఇంటికొచ్చి విసుక్కుంది. ఒక్క మాట నేను చెబితే ఆవిడ కళ్ళు ఆవిడకి తిరిగొచ్చేవి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. సిగ్గుపడి ఒక రోజు దాచిన మాట ఎన్ని రోజులు దాస్తే అంత బరువెక్కుతుందని అప్పుడు నాకు తెలియదు.

తరవాత నాకు ట్రైనింగు, ఆ వెనకే గూడూరు దగ్గర బడిలో ఉద్యోగం. బయల్దేరే ముందు చెప్పేద్దామని గట్టిగా అనుకుని వెళ్ళాను. అత్తయ్య గోడ మీది పలక తీసి, కొబ్బరి నూనెతో తుడిచి, మూల మీద ఇంత పసుపు అద్ది, నా చేతిలో పెట్టింది.

"నీ కళ్ళు మంచియ్యే అమ్మాయ్. ఏది అయిందో ఏది కాలేదో నీకు తెలుస్తుంది. నీ దగ్గరుండనీ."

ఆ మాట విన్నాక పలక సంచిలో పెట్టుకున్నాను. కాళ్ళకి దండం పెట్టి వచ్చేశాను. ఆ తరవాత పదిహేనేళ్ళు బతికింది, తిరునాళ్ళకి వెళ్ళినప్పుడల్లా పలకరించి వచ్చేదాన్ని, ఒక్కసారీ చెప్పలేదు. పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను, అబద్ధమాడకూడదని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, రిటైరయ్యాను. పోయిన ఏడు నా కళ్ళకీ శుక్లాలు తీశారు.

ఆ రోజు మనవరాలు వెళ్ళాక మళ్ళీ కిందికి వంగి ఆ బిరడా వెతికి పట్టుకున్నాను. కంటికి కనపడలేదు, వేలికి తగిలింది, మెత్తగా, ఆ మధ్యాహ్నం తగిలినట్టే. సాయంత్రం ఆ పిల్ల చేతిలో పెడితే చూసి, దీనికోసం ఇంత కష్టపడ్డావా అని చెత్తబుట్టలో వేసింది. దాని తప్పేం లేదు. ఇప్పుడు వస్తువులన్నీ పూర్తయ్యే ఇంటికి వస్తున్నాయి, ఏ పళ్ళెంలోవి అయ్యాయో ఏవి కాలేదో ఎవరూ చూసుకోనక్కర్లేదు, పోతే పొట్లంలో ఇంకో వంద ఉంటాయి. పలక మాత్రం నా పెట్టెలోనే ఉంది. మూల మీద అత్తయ్య అద్దిన పసుపు ఎప్పుడో పోయింది, ఈసారి దాన్ని నేను తుడవలేదు. ఇంటికి వచ్చాక కొత్తగా అద్దుదామని పసుపు డబ్బా కూడా తీశాను, కానీ అది అయిన పనికి పెట్టే గుర్తు కదా, నా పని ఇంకా అవలేదని మళ్ళీ మూత పెట్టేశాను.