పెరుగు తోడు కోసం సబేటోకి

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్లయింది. నాకింకా ఇరవై నిండలేదు. పగలు నాడీ ఊళ్లో ఒక బట్టల కొట్లో పని, సాయంత్రం నవాకా మైదానంలో నెట్‌బాల్. ఆటలో నాది సెంటర్. నిలబడడానికి వీల్లేని చోటు అది. ఈ కొసనుంచి ఆ కొసకి పరిగెత్తుతూనే ఉండాలి. ఈస్టర్ సెలవుల్లో ఫిజీలో స్థిరపడ్డ మన దక్షిణాది వాళ్లంతా ఒకచోట చేరి భజనలు, నాటకాలు, ఆటల పోటీలు పెట్టుకునేవాళ్లు. మా జట్టు ఏ ఏడూ కప్పు మొహం చూడలేదు.

ఒకసారి చెరుకు కోతల్లో నాన్నకి అన్నం తీసుకెళ్తుంటే, నరికిన మోడు ఒకటి చెప్పులోంచి నా పాదంలో దిగింది. చీము పట్టింది. జ్వరం. ఆసుపత్రిలో పడుకోబెట్టి ఒక యాంటీబయాటిక్ తర్వాత ఇంకోటి ఇచ్చారు. ఆ మందులు లేకపోతే నా కాలు ఉండేది కాదు. ఆ మాట ముందే చెప్పాలి.

కాలు మానింది, పొట్ట తిరగబడింది. ఏం తిన్నా కడుపు ఉబ్బి, నొప్పి, ఆపైన మరుగుదొడ్డికి పరుగు. కొట్లో నిలబడలేక పని మానేశాను. గౌన్లు నా మీద గోనెసంచుల్లా వేలాడేవి. మా జట్టు కెప్టెన్ చూడ్డానికొచ్చింది. "నీ చోటులో ఇంకొకర్ని పెడతాం, ఏమనుకోకు" అంది. నవ్వి పంపించి, తలుపేసుకుని ఏడ్చాను.

అమ్మ నన్ను లౌటోకా ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ పెద్దావిడ. పరీక్షలు చేయించి, ప్రమాదమైన క్రిమి ఏదీ లేదని తేల్చుకుని, మా ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"బేటీ, పేగుల్లో ఎప్పుడూ కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. మనకి అరగనిదాన్ని అవి అరిగిస్తాయి. చెడ్డ క్రిములకి చోటు దొరకనివ్వవు. నీ మందులు పుండులో క్రిముల్ని చంపాయి, వాటితోపాటు వీటినీ చాలా చంపాయి."

"మరి మందు?" అంది అమ్మ.

"ఇప్పుడు మందు వద్దు. తోడేసిన పెరుగు తినిపించు. అందులో బతికున్న మంచి సూక్ష్మజీవులుంటాయి. కాస్త నెమ్మదించాక అరటిపండు, పప్పు, చేమలాంటి డాలో దుంప, బేలే ఆకుకూర కొంచెం కొంచెంగా. లోపల మిగిలినవాటికి ఆ పీచే తిండి. అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పను. చూద్దాం."

మా ఇంట్లో పెరుగు ఎక్కడిది? ఆవు పోయాక పాలపొడి టీతోనే సరి. సబేటోలో ఉన్న మా అత్త ఇంట్లో మాత్రం రోజూ పెరుగు తోడేస్తారు. అమ్మకి ఆ రోజు కుదరలేదు. నేనే వెళ్తానన్నాను. ఇంట్లో కూర్చుని విసుగెత్తింది.

సగం దారిలో పొట్ట మెలితిప్పింది. బస్సాపించి దిగి, కనబడిన మొదటి ఇంటికి పరిగెత్తాను. వాకిట్లో చాప అల్లుతున్న ఫిజియన్ ఆవిడ నా మొహం చూడగానే కనిపెట్టేసింది. పెరట్లో మరుగుదొడ్డి వైపు చెయ్యి చూపించింది. బయటికొచ్చేసరికి లేత కొబ్బరిబోండం కొట్టి పెట్టింది. సిగ్గుతో తల దించుకుని "వినాకా" అని ఆవిడ భాషలోనే థాంక్స్ చెప్పాను. "మా వాళ్లకీ పొట్టలుంటాయమ్మా" అని హిందీలో అంటూ పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను. తర్వాతి బస్సు ఆవిడే ఆపి ఎక్కించింది.

అత్త గిన్నెనిండా పెరుగిచ్చింది. అందులో కొంచెం తోడుగా తీసి, అమ్మ పాలపొడి కలిపి కాచిన వేడి పాలలో వేసేసింది. తెల్లారి చూస్తే పాలు పాలే. "వేడికి చచ్చాయి పాపం" అంది అమ్మ, మనుషుల గురించి చెప్పినట్టు. మిగిలిన తోడుని గోరువెచ్చటి పాలలో వేసింది. ఈసారి గడ్డలా తోడుకుంది. గిన్నె వంచి చూపించినప్పుడు అమ్మ మొహం వెలిగిపోయింది.

ఒక్కరోజులో బాగుపడలేదు. మొదట్లో పప్పు పడక వెనక్కి తగ్గాను. మళ్లీ మొదలుపెట్టాను. ఒక పొద్దున లేచి, రాత్రి తిన్న డాలో కడుపులో హాయిగా ఉందని గమనించాను. ఆ వారం మైదానం చుట్టూ నడిచాను. తర్వాత పరిగెత్తాను. కెప్టెన్ బంతి నా వైపు విసిరింది. పట్టుకున్నాను.

ఈస్టర్‌కి నేను సెంటర్‌లోనే దిగాను. ఫైనల్లో స్కోరు సమానంగా ఉంది, ఎండ మాడ్చేస్తోంది, అవతలి జట్టు అమ్మాయిలు రొప్పుతున్నారు. నా కాళ్లలో మాత్రం ఇంకా ఊపిరుంది. ఎదురుపాసు లాగేసుకుని మా షూటర్‌కి అందించాను. బంతి రింగులోంచి జారింది. విజిల్ మోగింది.

అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కోర్టులోకి పరిగెత్తుకొచ్చింది. కెప్టెన్ కప్పు నా చేతుల్లో పెట్టి, "పైకెత్తు, అందరికీ కనబడాలి!" అని అరిచింది. ఎత్తాను. వెనకనుంచి జట్టంతా నన్నే ఎత్తేసింది.