చివరి వరస నాయకర్

కోవిల్‌పట్టి తిరుమలసామి నాయకర్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. నలుగురు కూడిన చోటల్లా అందరికంటే వెనక్కి వెళ్లి నిలబడి, "ఇనబడ్లేదప్పా!" అని అరుస్తాడు. పెళ్లిలో మంత్రాలకు అరిచాడు. పంచాయతీ బోర్డు అధ్యక్షుడి ఉపన్యాసానికి అరిచాడు. చెల్లెలి మనవడికి పేరు పెట్టేరోజు, మేనమామ బిడ్డ చెవిలో గుసగుసగా పేరు చెబుతుంటే దానికీ అరిచాడు.

"చెప్పింది బిడ్డకి గదా మామా! నీకెందుకు ఇనబడల్ల?" అన్నారు అక్కడివాళ్లు.

"బిడ్డకి ఇనబడిందని ఎవురు చూసినారు?" అన్నాడు నాయకర్.

ఈ అరుపులకు అందరికంటే ఎక్కువ బలైపోయినవాడు లక్ష్మణసామి. ఆయన నాటకాల్లో రాజు వేషం కడతాడు. తన గొంతు మీద ఆయనకు ఏ భ్రమలూ లేవు. "మీరు వాకిట్లో పిలిస్తే వంటింట్లో పిల్లి కూడా తల తిప్పదు" అనేది ఇల్లాలు రంగమ్మాళ్. ఒకసారి విరుదునగర్‌లో ఆయన పాట ఎత్తుకున్నాక, నాటకం ఇంకా మొదలుకాలేదనుకుని జనం కాఫీకి లేచిపోయారు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పి నవ్వేవాడు.

పైగా కోవిల్‌పట్టిలో నాటకాలాడేది పత్తి మిల్లు పెరట్లో. చుట్టూ పత్తి బేళ్లు. నోట్లోంచి మాట వచ్చీరాగానే పత్తి మింగేసేది. సరిగ్గా రాణిని చూసి తమిళంలో "కణ్మణీ!" అని, అంటే నా కంటిపాపా అని, మురిపెంగా అనాల్సిన చోట వెనకనుంచి "ఇనబడ్లేదప్పా!" వచ్చేది. లక్ష్మణసామి ఒళ్లు మండిపోయి "కణ్మణీ!" అని గర్జించేవాడు. రాణి వేషగాడు హడలిపోయి రెండడుగులు వెనక్కి వేసేవాడు.

పందొమ్మిది వందల ముప్పై అయిదులో మిల్లువాళ్లు ఇక పెరడు ఇవ్వబోమన్నారు. లక్ష్మణసామి కిరీటం పెట్టెలో పెట్టుకోవాల్సిందే. ఆయనకు ఇంకో పని రాదు. ఆ మాటకొస్తే ఈ పనీ అంతంతమాత్రమే. ఊరి సొమ్ముతో గట్టి నాటకశాల కట్టించమని బోర్డుకు అర్జీ పెట్టుకున్నాడు.

"నాటకం డబ్బున్నోళ్ల సరదా. దానికి ఊరి సొమ్మెందుకు?" అన్నాడు అధ్యక్షుడు, సమావేశం మొదలవగానే.

లక్ష్మణసామి తమిళంలో అర్జీ చదవసాగాడు. రెండు ముక్కలు చదివాడో లేదో, వెనకనుంచి "ఇనబడ్లేదప్పా!"

అంతే, అర్జీ అక్కడే పారేసి వెనక్కి ఉరికాడు. తమిళం ఎగిరిపోయి ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చేసింది. "ఏం మామా, నా కడుపు కొట్టేదానికే పుట్టినావా? నీ చెవులు పోయినాయా?"

"మెల్లగ మాట్లాడరా. నా చెవులు బాగుండాయి. పొద్దన్న రంగమ్మాళ్ నిన్ను తిట్టింది గూడా ఇనబడె."

"మరి యాల అరిసేది?"

నాయకర్ పక్కకు జరిగాడు. ఆయన వెనక, వసారా బయట ఎండలో, పత్తి మిల్లు కూలి ఆడవాళ్లు పాతికమంది నిలబడి ఉన్నారు. నాటకానికైనా వాళ్ల చోటు అలాంటిదే, బేళ్ల అవతల, తాడు వెనక.

"వీండ్లూ టిక్కెట్టు కొంటారు గదరా! వీండ్లు అరిస్తే ఆడదానికి అంత నోరా అంటారు. నేను అరిస్తే పిచ్చోడు అంటారు. నాకేం పోయె?"

వాళ్లలో ముందున్న పొన్నుత్తాయి కొంగు సర్దుకుంది. "నాయకరయ్య అరిసినాక మీరు చెప్పేదే మాకు ఇనబడేది సామీ. ఆ రాజుకి పెండ్లాం మీద అంత కోపం యాల అని పదేండ్లుగా అనుకుంటా ఉండాం."

సమావేశం గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది లక్ష్మణసామే. పదేళ్లుగా తాను ఒలకబోసిన ప్రేమంతా తాడు అవతలికి తిట్లుగానే చేరిందన్నమాట! పాపం, ఎంత అన్యాయం చేశాను వీళ్లకు అనుకున్నాడు. డబ్బున్నోళ్ల సరదా అన్న అధ్యక్షుడు ఆ పాతికమందినీ చూసి, నాటకశాలకు సరేనని తలూపాడు.

"తాడు మాత్రం కట్టగూడదు" అన్నాడు నాయకర్.

మరుసటి ఏడాది కొత్త నాటకశాలలో తొలి నాటకం. లక్ష్మణసామి తన పిల్లిగొంతుతోనే "కణ్మణీ" అన్నాడు. అలవాటు కొద్దీ అరుపు కోసం ఆగాడు. రాలేదు. దాంతో తర్వాతి మాట మరిచిపోయాడు. బిత్తరపోయి చూస్తే, చివరి వరసలో నాయకర్ గోడకు ఆనుకుని హాయిగా గురక పెడుతున్నాడు. ఆ గురక వేదికదాకా శుభ్రంగా వినిపిస్తోంది.

ఆయన పక్కనుంచి పొన్నుత్తాయి లేచి, గొంతెత్తి అరిచింది.

"ఇనబడ్తా ఉంది సామీ! కోప్పడకుండా చెప్పండి!"