తుమినా చిటికెన వేలు

క్లాటెన్ ఊళ్లో పందెం మోటారుబండి ఉన్నవాడు కస్మిన్ గుమ్మం తొక్కాల్సిందే. ఇంజను హెడ్డు విప్పి తెస్తే చాలు, గాలి వెళ్లే దారినీ పొగ వచ్చే దారినీ గ్రైండరుతో వెడల్పు చేసి, నునుపు తీసి ఇచ్చేవాడు. పొగదారి అద్దంలా మెరవాలి. గాలిదారి కాస్త గరుగ్గా ఉండాలి, అప్పుడే పెట్రోలు గాలిలో బాగా కలుస్తుంది. లోపలి మలుపులో కన్ను పనిచేయదు. చిటికెన వేలు దూర్చి తడిమి చూసుకోవాలి.

ఆ వేలికే స్పర్శ పోయింది. షుగరు. కస్మిన్ ఎవరికీ చెప్పలేదు, పెళ్లానికి కూడా. ఈ మగాళ్ల మొండితనానికి మందెక్కడ దొరుకుతుందో మరి.

కోతలైన వరిమడిలో జరిగిన పోయిన పందెంలో బగ్యో అనే కుర్రాడి బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. గాలిదారి మలుపులో చిన్న గట్టు మిగిలిపోయిందట. బగ్యో హెడ్డు వెనక్కి తెచ్చాడు.

"ఏంటి మావా, నిద్రలో చేశావా? ఆదివారం మళ్లీ పందెం. ఈసారీ తేడా కొడితే ఇంకోడి దగ్గరికి పోతా, ఏమనుకోకు."

అతను వెళ్లాక కస్మిన్ వేలు దూర్చి చూశాడు. గట్టు కాదు కదా, గోడే తెలియలేదు. ఇక గ్రైండరు పెట్టెలో పెట్టేసి ఈ పని మానేద్దామనుకున్నాడు. అంతలో భార్య తుమినా కాఫీ తెచ్చింది. గాజు గ్లాసును అరచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"ఇప్పుడే మరిగించి పోశా. చెయ్యి కాలట్లేదా?"

కస్మిన్ గ్లాసు గబుక్కున కింద పెట్టేశాడు.

"ఎన్నాళ్లనుంచయ్యా?"

"వానలకు ముందునుంచి."

"నోట్లో నాలుక లేదా నీకు?" అని కసిరింది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, హెడ్డును ఒళ్లోకి లాక్కుంది.

సోయా గింజల్ని పులియబెట్టి టెంపే చేయడానికి రోజూ వాటి పొట్టు తీసే చేయి అది. సన్నటి వేలు మలుపుదాకా వెళ్లి ఆగింది.

"ఇదిగో, ఇక్కడ. పొట్టు అంటుకున్నట్టుంది."

అతను గరుకు కాగితంతో రుద్దాడు. ఆమె తడిమింది. ఇంకొంచెం అంది, ఎడమకి అంది, చివరికి చాలంది.

"ఇది మెరవలేదేం?"

"మెరవకూడదే. నీ గిన్నె కాదు."

ఆదివారం బండి ఎక్కడా దగ్గలేదు. బగ్యో మడిలోంచే అరిచాడు. "నీ చెయ్యి మళ్లీ దారిలో పడింది మావా!"

కస్మిన్ పక్కనున్న భార్య చెయ్యి పైకెత్తి చూపించాడు. "నాది కాదురా, ఇదీ!" సిగ్గుతో ఆమె వెంటనే లాక్కుంది.

ఆ సాయంత్రం తుమినా గోళ్లు కత్తిరించేది తెచ్చి అతని ముందు కూర్చుంది.

"ఈ చిటికెన వేలి గోరు తీసెయ్యి. హెడ్డు లోపల గీసుకుంటోంది."

కస్మిన్ వెనక్కి జరిగాడు. "నాకు స్పర్శ లేదే. చర్మం తెగిందంటే?"

"నాకుందిగా. అరుస్తాలే, కానియ్."