చిట్టీ, వినపడుతుందా?

దెయ్యాలు, శకునాలు, ఇలాంటివేవీ నేను నమ్మను. మాది తాత ముత్తాతల నాటి నుంచి లూథరన్ కుటుంబం. పైగా తెనాలిలో పిల్లలకు జువాలజీ చెబుతాను. మా వీధిలో ఎవరింట్లోకైనా గుడ్లగూబ వస్తే ఇల్లు పాడుపెట్టాలంటారు. అంటే తాళం వేసి కొన్నాళ్లు వేరేచోట ఉండాలి. అలా సామాన్లు సర్దుకుంటున్న వాళ్ల దగ్గరకు వెళ్లి, "ఎలకల్ని తినే పక్షండి అది, పీట వేసి కూర్చోబెట్టండి" అని నవ్వేదాన్ని. తనదాకా వస్తేగానీ తత్వం బోధపడదంటారు. నా సంగతీ అంతే అయింది.

మాకు చేపలు తెచ్చే ఆదిలక్ష్మిది రేపల్లె అవతల, సముద్రం ఒడ్డు. ఒకరోజు చేపలు కోస్తూ, తమ ఊరి మడ అడవిలో పట్టపగలే ఆడమనిషి ఏడ్చినట్టు ఏదో అరుస్తోందని, మగవాళ్లు కూడా పడవ అటు పోనివ్వడం లేదని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అలా అరిచే వేట పక్షి ఒకటుంది. పొట్ట మీద నల్ల మచ్చలు, తల మీద కొమ్ముల్లా ఈకలు ఉండే పెద్ద అడవి గుడ్లగూబ. నల్లమలలో ఒక్కసారి విన్నాను దాని అరుపు. కొండ అడవుల్లో తప్ప మా తీరంలో దాన్ని చూసినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. నేను చూస్తే, అది కనిపించిన చోట్లు గుర్తుపెట్టే మ్యాపులో కొత్త చుక్క పెట్టొచ్చు. ఆ చుక్క కోసం ఆశపడ్డాను.

మా అమ్మాయి చిట్టికి అప్పుడు ఏడో నెల. పురిటికి తీసుకురావడానికి బాపట్లలో వాళ్ల అత్తగారింటికి వెళ్లాల్సి ఉంది. పనిలో పనిగా ముందు మడ అడవి చూసి, అటునుంచటే బాపట్ల పోదామనుకున్నాను.

ఆదిలక్ష్మి, వాళ్లాయన నన్ను పడవలో తీసుకెళ్లారు. ఎండ బాగా ఉంది. పక్షులను చూసేవాళ్లకు ఒక పద్ధతుంది. పక్షి అరుపును ముందే రికార్డు చేసి ఉంచుకుని చిన్న స్పీకర్‌లో వినిపిస్తాం. తన చోటులోకి ఇంకోటి వచ్చిందనుకుని అసలు పక్షి బయటికొస్తుంది. నేను స్పీకర్ తీయగానే ఆదిలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది.

"దాన్ని పిలవమాకండి టీచరమ్మా. పిలిచినోళ్ల ఎనకే వస్తదంట."

"వస్తే మంచిదేగా, ఫొటో తీసుకుంటా" అన్నాను.

వినిపించాను. ఏమీ లేదు. అంతలో చిట్టి ఫోన్ చేసింది. సిగ్నల్ సరిగా అందడం లేదు. నిలబడి గొంతు చించుకున్నాను. "చిట్టీ! వినపడుతుందా? చిట్టీ! వినపడుతుందా?" ఫోన్ కట్టయింది. స్పీకర్ మళ్లీ పెట్టాను.

ఈసారి నా వెనక నుంచే అరుపు వచ్చింది. తిరిగి చూస్తే మడ కొమ్మ మీద ఉంది. మామూలు గుడ్లగూబ కళ్లలా పసుప్పచ్చగా లేవు, నల్లగా ఉన్నాయి. ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు. ఫొటో తీశాను. ఆదిలక్ష్మి మాత్రం దానివైపు చూడకుండా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అక్కడి నుంచి ఆటోలో కర్లపాలెం వచ్చి, రోడ్డు పక్క బడ్డీ దగ్గర సోడా తాగి, బాపట్ల వెళ్లాను. మర్నాడు చిట్టితో రైలెక్కాను. చుండూరులో రైలు చాలాసేపు ఆగింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

కొన్నాళ్లకు మా పక్షుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఫొటో పెట్టారు. అదే పక్షి, కర్లపాలెంలో, తాటిచెట్టు మీద. కింద నీలం పట్టా కప్పిన సోడా బడ్డీ. సంతోషంతో ఎగిరి గంతేశాను. రెండో చుక్క!

తర్వాత బాపట్ల నుంచి వియ్యపురాలు ఫోన్ చేసింది. చిట్టి పడుకునే గది కిటికీ సజ్జ మీద పెద్ద గుడ్లగూబ కూర్చుందట. ఇల్లు పాడుపెట్టమంటున్నారు, ఏం చేయమంటారని అడిగింది.

"మీరు కూడా ఏంటండి వదినగారూ, చదువుకుని!" అన్నాను.

"అది కాదండి. గదిలోకే చూస్తోందండి. ఎవరికోసమో ఎతుకుతున్నట్టుందండి" అంది.

మరో వారానికి చుండూరు నుంచి వచ్చే మా స్టూడెంట్ ఫోన్‌లో ఇంకో ఫొటో చూపించాడు. స్టేషన్ దగ్గరి వేపచెట్టు మీద. ఆ సాయంత్రం మ్యాపు తీసి చుక్కలు పెట్టుకుంటూ వచ్చాను. మడ అడవి, కర్లపాలెం, బాపట్ల, చుండూరు. నా వేలు ఆగిపోయింది. అది నేను ఇంటికొచ్చిన దారి. తర్వాత మిగిలింది తెనాలి.

కాకతాళీయం అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ రోజు నుంచి చిట్టి గది కిటికీలు మూసే ఉంచాను. ఉక్కపోస్తోందని అది గోల పెట్టినా తెరవనివ్వలేదు.

ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చి వంటింట్లో చారు పెడుతున్నాను. చిట్టి మేడ మీద బట్టలు ఆరేస్తోంది. ఉన్నట్టుండి దాని గొంతు వినపడింది. "ఆఁ... వస్తున్నానమ్మా!"

నేను పిలవలేదు.

మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. మా మేడకు వెనకవైపు పిట్టగోడ కట్టలేదు. చిట్టి ఆ అంచున నిలబడి ఉంది, ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని. ఎదురుగా మునగచెట్టు మీద ఆ పక్షి. నేను జబ్బ పట్టుకుని వెనక్కి లాగితే ఇద్దరం కిందపడ్డాం. తలెత్తేసరికి కొమ్మ ఊగుతోంది. పక్షి లేదు.

చిట్టి నన్ను చూసి తెల్లబోయింది. "నువ్వు ఇటెలా వచ్చావమ్మా? అక్కడ నిలబడి పిలిచావు కదా?" అంది మునగచెట్టు వైపు చూపిస్తూ.

"ఏమని పిలిచాను?"

"చిట్టీ, వినపడుతుందా, చిట్టీ, వినపడుతుందా అని. ఒకటే గోల."

ఇంట్లో నేనెప్పుడూ ఆ మాట అనను. అన్నది ఒక్కచోటే, ఆ పడవలో.

మావారు వచ్చేసరికి బట్టలు సర్దేశాను. ఎందుకని అడిగితే చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పాను. ఆయన నవ్వలేదు, తాళం వెతికారు. గుంటూరులో మా అన్నయ్య ఇంట్లో ఉన్నాం. బిడ్డ అక్కడే పుట్టింది, క్షేమంగా ఉంది. ఇల్లు పాడుపెట్టిన వాళ్లను చూసి నవ్విన నేనే, ఆ పని చేశాను. స్పీకర్‌ను కాలవలో పారేశాను. చుక్కలు పెట్టిన మ్యాపు ఎవరికీ పంపలేదు.

చిలకలు, గోరింకలు మనిషి మాటను అనుకరిస్తాయి. గుడ్లగూబలు అనుకరించవు. పిల్లలకు ఇప్పటికీ అదే చెబుతాను, అదే నిజం కూడా. మరి ఆ రోజు చిట్టిని పిలిచిందెవరు? తెలియదు. ఆ పక్షి గొంతుతో ఆ పక్షిని పిలిచింది మాత్రం నేనే.

తర్వాత ఆ పక్షిని చూశామని ఎవరూ చెప్పలేదు. మేం మళ్లీ మా ఇంటికే వచ్చాం. పిట్టగోడ కట్టించాం. మనవరాలికి మాటలొస్తున్నాయి. కానీ వంటింట్లోంచి నేనెంత పిలిచినా చిట్టి పలకదు. పిల్లను గట్టిగా పట్టుకుని, గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూశాకే "ఏంటమ్మా" అంటుంది.