లచ్చి తెచ్చిన బురద

పొద్దున్నే వసారాలో చెరువు బురద తుడవడం అలివేలుమంగకు కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉన్న పని. భర్త సూర్యనారాయణరాజు రొయ్యల చెరువుకు కాపలా కాసి వచ్చేవాడు. వెనకే వాళ్ళ కుక్క లచ్చి. ఇద్దరి అడుగులూ కలిసి వంటింటి గుమ్మం దాకా పడేవి. ఆమె విసుక్కుంటూనే తుడిచేది. వానలో, చెరువు నీళ్ళకు గాలి కొట్టే ఏరేటర్ మోటారు షాక్ కొట్టి ఆయన పోయాక ఆ బురద ఆగిపోయింది. చెరువును పల్లంరాజుకు లీజుకిచ్చేసింది. లచ్చిని గట్టు వైపు పోనివ్వలేదు. ఇప్పుడు ఆమె తుడుస్తున్నది లచ్చి కార్చే నెత్తురు చుక్కలు.

మొదటిసారి ఆ చుక్కలు చూసినప్పుడు దెబ్బేమైనా తగిలిందేమోనని దాని ఒళ్ళంతా వెతికింది. షాక్ కొట్టిన రోజు ఇంటికి పరుగెత్తుకొచ్చి, కొంగు పట్టి లాగి, ఆయన పడి ఉన్న చోటికి తీసుకెళ్ళింది లచ్చే. ఇదీ పోతుందేమోనని భయపడింది. పశువైద్యం చదువుతున్న మరిది కూతురు భానుశ్రీకి ఫోన్ చేస్తే, "రోగం కాదు పెద్దమ్మా, ఎదకొచ్చింది. కట్టేసి ఉంచు," అంది. కిటికీ ఊచకు గొలుసు వేసింది.

కొన్నాళ్ళకు చుక్కలు పలచబడి కుంకుమ కడిగిన నీళ్ళలా అయ్యాయి. గండం గడిచిందనుకుని గొలుసు విప్పింది. వాకిట్లో ముగ్గు వేసి తలెత్తేసరికి లచ్చి లేదు.

ఎటు పోయిందో వెతుక్కోనక్కర్లేదు. చెరువు దగ్గర పడుతుండగానే మోటారు చప్పుడు వినిపించి అలివేలుమంగ పరుగందుకుంది. సరిగ్గా ఆ మోటారుకు ఇవతలే ఉంది లచ్చి, ఒక ఎర్ర మగకుక్కతో అతుక్కుపోయి. రెండూ చెరో వైపు మొహం పెట్టి నిలబడ్డాయి. ఎర్రది కదిలినప్పుడల్లా లచ్చి కుయ్యిమంటోంది.

కుక్కలు అలా కనిపిస్తే ఆడవాళ్ళు తల తిప్పుకుని పోవాలని చిన్నప్పుడే వాళ్ళమ్మ చెప్పింది. ఎప్పుడూ అలాగే పోయింది. అందుకే అది ఎలా ముగుస్తుందో ఆమెకు తెలియదు.

పల్లంరాజు ఒక చేత కర్ర, ఒక చేత చెరువులో దిగేముందు కాళ్ళు కడుక్కునే బ్లీచింగు నీళ్ళ బకెట్టు పట్టుకుని వచ్చాడు.

"పక్కకి రండి వదినగారూ. రెండు తగిలించి నీళ్ళు కొడితే ఊడిపోతాయి. చెరువులో పడ్డాయంటే ఊళ్ళో జబ్బులన్నీ రొయ్యలకి అంటుకుంటాయండి."

"ఉండండి, పాపని అడుగుతాను."

"ఇది మీరు చూసేది కాదండి. ఇంటికెళ్ళండి."

ఆమె కదల్లేదు. భానుశ్రీకి ఫోన్ చేసింది.

"ఏంటి పెద్దమ్మా, పొద్దున్నే?"

"లచ్చి... అదేనే."

"అదే అంటే?"

పల్లంరాజు మొహం చెరువు వైపు తిప్పుకున్నాడు.

"అతుక్కుపోయింది," అంది గొంతు తగ్గించి. "కొడతామంటున్నారు."

"కొట్టొద్దు, లాగొద్దు. స్పీకర్ పెట్టు." భానుశ్రీ గొంతు గట్టు మీద గట్టిగా వినిపించింది. "మగదానిది లోపల ఉబ్బి బిగుసుకుంటుంది. ఆ వాపు తగ్గేదాకా విడిపోవు. బలవంతం చేస్తే రెంటికీ లోపల చీరుకుపోతుంది. పావుగంటో అరగంటో, వాటంతట అవే విడిపోతాయి."

"చుక్కలు తగ్గాయి కదే? అయిపోయిందనుకున్నాను."

"అవి పలచబడ్డాకే మగకుక్కని దగ్గరికి రానిస్తుంది. ఆ సంగతి నేను చెప్పాల్సింది. నువ్వు తల దగ్గర కూర్చుని అది గుంజుకోకుండా చూడు."

"అరగంటా? ఈలోపు చెరువులో పడితేనో?" అన్నాడు పల్లంరాజు.

"పడనివ్వను."

ఆమె నీళ్ళ వైపు వాలులో, బురదలో కూర్చుని లచ్చి మెడ పట్టుకుంది. ఆ రోజు ఆయన పడి ఉన్నది అక్కడే. వెనక మోటారు నీళ్ళు చిమ్ముతోంది. ఎర్రది గుర్రుమంది. అయినా లచ్చి మెడ వదల్లేదు, తల తిప్పుకోలేదు.

పల్లంరాజు కాసేపు గొణిగి, బకెట్టు కింద పెట్టి, కర్ర అడ్డంగా పట్టుకుని అవతలి వాలులో కాపుగా నిలబడ్డాడు.

"నా పెళ్ళిలో కూడా ఇంతసేపు నిలబడలేదండి."

ఆమెకు నవ్వు రాలేదు. లచ్చి మళ్ళీ మూలిగితే ఆమె దాని తల నిమిరింది. చివరికి ఎర్రది ఒక్కసారి విడివడి, పక్కకు పోయి నాక్కుంటూ కూర్చుంది. లచ్చీ అంతే. అలివేలుమంగ వంగి చూసింది. నెత్తురు లేదు. లచ్చి ఒళ్ళు విదిల్చి ఇంటి దారి పట్టింది.

వసారా నిండా బురద అడుగులు పడ్డాయి, కుక్కవీ, ఆమెవీ కలిసి, వంటింటి గుమ్మం దాకా. లచ్చి ఆ గుమ్మంలోనే ముడుచుకుని పడుకుంది. అలివేలుమంగ తీగ మీది గుడ్డ తీసి తడిపింది. తుడవకుండానే పిండి, మళ్ళీ తీగ మీదే ఆరేసింది.