నాకొక్కడికే తెలిసిన గాటు

1983. మట్టెవాడలో మా రబ్బరు స్టాంపుల దుకాణం నాన్న చేతి నుంచి నా చేతికి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. ఊళ్లో సగం ఆఫీసుల ముద్రలు మా దగ్గరే తయారయ్యేవి. అందుకు నాకు గర్వం కూడా ఉండేది.

స్టాంపు చేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. సీసం అక్షరాలు కూర్చి, ప్లాస్టరుతో అచ్చు తీసి, అందులో పచ్చి రబ్బరు పెట్టి హాట్ ప్రెస్‌లో, అంటే వేడి ఇనుప పలకల మధ్య, నొక్కితే అయిపోతుంది. అసలు పనితనం ఆ తరువాత ఉండేది. ముద్ర అంచు మీద బ్లేడు మొనతో ఒక సన్నని గాటు పెట్టేవాళ్లం. ఒక్కో స్టాంపుకు ఒక్కో చోట. చేసిన ప్రతి స్టాంపునూ శాంపిల్ బుక్కులో ఒకసారి కొట్టి ఉంచుకునేవాళ్లం. ఈ గాటు సంగతి నాన్న నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నకలు చేసేవాడికి తెలిస్తే వాడూ గాటు పెడతాడు కదా అనేవాడు.

ఆ వేసవిలో ఒక సర్కారు ఆఫీసు అటెండర్ ఉత్తరం పట్టుకొచ్చాడు. సీలు అరిగిపోయింది, కొత్తది చేసివ్వండి అని రాసి, కింద ఆ సీలే కొట్టి ఉంది. భూతద్దం పెట్టి చూశాను. గాటు నా పుస్తకంలో ఉన్న చోటే ఉంది. ముద్ర నాదే, కాబట్టి ఉత్తరం అసలుదే అనుకున్నాను. సీలు అసలుదే కావచ్చు, దాన్ని కొట్టిన చెయ్యి ఎవరిదో ఎలా తెలుస్తుంది? సాయంత్రం టేబుల్ మీద వదిలేసిన సీలును అటెండరైనా కొట్టగలడు. ఇంత చిన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదు.

కొత్తది ఇచ్చేటప్పుడు పాతది తీసుకుని ముక్కలు చేయడం మా ఆనవాయితీ. అడిగితే, రేపు తెస్తానన్నాడు. రేపు రాలేదు, నేను అడగనూ లేదు.

ఆర్నెల్లకు గుట్టు బయటపడింది. నేను చేసిన రెండో సీలుతో ఆ అటెండర్ లోకల్ సర్టిఫికెట్లు, అంటే ఈ జిల్లావాడేనని చెప్పే కాగితాలు, అమ్ముకున్నాడు. ఎక్కడెక్కడివాళ్లో స్థానికులైపోయారు. పెద్దలు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు: ఆ ఏడాది ఆ సీలు పడిన సర్టిఫికెట్ ఏదైనా సరే చెల్లదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు.

అప్పుడు వచ్చాడు సారయ్య. వర్ధన్నపేట దగ్గరి కూలీల కొడుకు. టీచర్ ట్రైనింగ్ చేసి, పంతులు ఉద్యోగానికి ఎంపికయ్యాడు. అతని సర్టిఫికెట్‌నూ చెల్లదన్నారు. ఆఫీసు రిజిస్టరులో చూడమంటే, అది ఎంక్వైరీకి పోయిందన్నారు. కొత్తది అడిగితే, ఎంక్వైరీ తేలాక ఇస్తామన్నారు. కాగితాలు చూపించడానికి గడువు ఇంకో వారం ఉంది.

"సేటు, మా తాత ముత్తాతలు గుడ ఈడోళ్లే. ఈ ముద్ర మీరు చేసిందేనట గద. అసలుదో కాదో జర జూసి చెప్పుండ్రి," అన్నాడు.

చూశాను. గాటు పాత చోటే ఉంది. అది మొదటి సీలు. తేదీ కూడా నేను రెండోది చేయడానికి రెండు నెలల ముందుది. ఆ కాగితం కడిగిన ముత్యం. కానీ ఆ మాట బయటికి అంటే, మరి రెండోది ఎవరు చేశారని పోలీసులు అడుగుతారు. అటెండర్ పరారీలో ఉన్నాడు కాబట్టి ఆ సంగతి వాళ్లకింకా తెలియదు, అప్పటికే రెండు దుకాణాలు చూసిపోయారు. కాగితం అతని చేతికి తిరిగి ఇచ్చేశాను.

"అన్ని ముద్రలు ఒక్కతీర్గనే ఉంటయి తమ్మీ. నాకేం తెలుస్తది," అన్నాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దండం పెట్టి వెళ్లాడు. ఆ దండం ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

1987లో ఇంజనీరింగు కాలేజీ లెక్చరర్ ఒకాయన స్టాంపు కోసం వచ్చాడు. కంప్యూటర్లు చెప్పేవాడు. మా పని చూసి, ముందు ముందు సంతకాలు కూడా కంప్యూటరే చేస్తుందన్నాడు. నకలు చేస్తే ఎట్లా అని అడిగాను. పబ్లిక్ కీ గురించి చెప్పుకొచ్చాడు.

"రెండు తాళంచెవులుంటయి సేటు. ఒకటి సంతకం చేసెటోని దగ్గర్నే ఉంటది, కన్నతండ్రికి గుడ ఇయ్యడు. ఇంకోటి అందరికి ఇస్తడు. దాంతోని ఎవరన్న సరిచూడొచ్చు గని, సంతకం తయారుచేసుడు మాత్రం కాదు."

ఆ రెండోది ఫలానావాడిదేనని నమ్మకమేమిటని అడిగాను. అందరూ నమ్మే ఇంకొకరు, ఇది ఇతనిదేనని దాని మీద తన సంతకం పెట్టి ఇస్తారట. దాన్నే సర్టిఫికెట్ అంటారట. దాచుకున్న తాళంచెవి దొంగల పాలైతే, ఇది ఇక చెల్లదని అందరికీ తెలిసేలా జాబితాలో వేస్తారట. అంతకు ముందు చేసినవని రుజువున్న సంతకాలను పారేయనక్కర్లేదట.

ఆయన మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. మేము చేసిందంతా తలకిందుల పని. దాచాల్సిన సీలేమో టేబుల్ మీద పడి ఉంది. నలుగురికీ తెలియాల్సిన గుర్తు నా కడుపులో ఉంది.

మరునాడే బస్సెక్కి వర్ధన్నపేట వెళ్లాను. సారయ్య ఒక మిర్చి వ్యాపారి దగ్గర బస్తాలు మోస్తున్నాడు. గాటు సంగతి మొత్తం చెప్పాను. శాంపిల్ బుక్కు తెస్తాను, ఏ ఆఫీసుకైనా వస్తానన్నాను. అతను తువ్వాలతో మెడ తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు.

"నౌకరి వయసు దాటిపోయింది సేటు," అన్నాడు. "అప్పుడు జెప్తె సాక్ష్యం అయితుండె. ఇప్పుడు నీ కడుపుల బరువు దించుకున్నవు, గంతే."

అతను మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు.

ఇప్పుడు సర్టిఫికెట్లు డిజిటల్ సంతకంతో వస్తున్నాయి. మా దుకాణం మూతపడింది, అందుకు నాకు ఏడుపు లేదు. సరిచూసే వీలు అందరి చేతిలోనూ ఉంటే, ఒకడి ధైర్యం కోసం ఇంకొకడు దండం పెట్టాల్సిన పనిలేదు. ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే మహా అయితే ఒక నెల దుకాణం మూసుకుని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగేవాణ్ని. ఆ నెల కోసం ఒక పంతులును హమాలీని చేశాను.