కొండ తూర్పుకు జరిగిన ప్రాక్టికల్

తిరుపతి ప్రజలారా, ఈ రోజు మీ కొండను ఊరికి తూర్పున పెట్టినందుకు శిరస్సు వంచి క్షమాపణ కోరుతున్నాను.

జాగ్రఫీ ప్రాక్టికల్లో, కాలేజీ మిద్దెపైన, దిక్సూచి పెట్టుకుని ఊరి మ్యాపు గీసినాను. మార్కులు వేయడానికి వచ్చిన సారు దాన్ని చూసి కళ్లజోడు తీసినాడు.

"ఏమప్పా, కొండ యాడుండాది?"

"తూర్పున సార్. ముల్లు అట్లనే చూపిస్తా ఉండాది."

"పుట్టినప్పట్నుంచీ ఉత్తరాన చూస్తా ఉండావు కదరా! తల ఎత్తితే కనపడతా ఉండాదే!"

సారు వంగి చూస్తే ముల్లు నిజంగానే పక్కకు తిరిగి ఉంది. "పాడైనట్టుండాది పాపం" అని దిక్సూచిని రిపేరుకు పంపి, రేపు మళ్లీ గీయమన్నాడు. నా మార్కులు బతికినాయి. మీరైతే ముల్లును నమ్ముతారా, కళ్లనా?

దిక్సూచిని నా చేతి పక్కనుంచి తీయగానే ముల్లు మళ్లీ ఉత్తరానికి తిరిగింది. స్టైలుకని వేసుకున్న ఇనుప కడియం ఉన్న చేతిని దానికి ఆనించే గీసినానని అప్పుడు తెలిసింది. కడియాన్ని మెల్లగా తీసి జేబులో వేసుకున్నాను.